మంగళారం నాటి సీస

ముందుగాల ఒక మాట ఒప్పుకోవాలె. ఈ కథ రాస్తున్న ఆమె ఇంతకుముందు ఏదీ రాయలేదు. ఐదో తరగతి అయినంక పలక పక్కన పెట్టింది, మళ్ల పట్టలేదు. సంఘంల సంతకం, రేషన్ దుకాణంల సంతకం, అంతే. అట్ల అనుడు కూడ పూర్తి నిజం కాదు. ఒక్కసారి ఒక చీటీ రాసింది. దాంట్ల ఐదు మాటలున్నయి. ఆ చీటీ సంగతి చెప్పాలంటె సీసల సంగతి చెప్పాలె. ‘నేను’ అని రాయనీకి సిగ్గయితున్నది, అందుకని మరియమ్మ అని రాస్తున్నది. చదివేటోళ్లు మరియమ్మ అంటె ఇంకెవరో అనుకున్నా తప్పేం లేదు.

జనగామల రైలు గేటు దాటినంక ఒక పాత సామాన్ల దుకాణం ఉండేది. దాని వెనక రేకుల షెడ్డు. పొద్దున ఎనిమిది కొట్టంగనే మరియమ్మ ఆడికి పోయి, కొంగు నడుముకు చెక్కుకొని, మూడు తొట్ల ముందట పీటేసుకొని కూసునేది. మొదటి తొట్టిల సోడా పొడి కలిపిన వేడినీళ్లు. రెండో తొట్టి కాడ తీగ బ్రష్షుతోని లోపల తోముడు. మూడో తొట్టిల మంచినీళ్లు. బీరు సీసలు, బ్రాందీ సీసలు, దవాఖాన సీసలు అన్నీ గోనె సంచులల్ల వచ్చేవి. కడిగినవి వరుసగ బోర్లిస్తె, పొద్దుగూకేటాళ్లకు షెడ్డంత ఎండల తళతళ మెరిసేది. సోడా నీళ్లకు ఆమె వేళ్ల సందులు ఎప్పుడూ తెల్లగ నాని ఉండేవి.

తొట్టిల ముంచే ముందు ప్రతి సీసను ఎడమ చెవికి ఆనించుకొని వినేది. సీస ముందట కూసోని తాగినోళ్లు ఆఖరుకు ఏం మాట్లాడిన్రో ఆ మాట దాని అడుగున ఉండిపోతది, కడిగితె పోతది. ఈ సంగతి జనగామల అందరికీ తెలిసిందే. మరియమ్మ తల్లికి కూడ ఈ చెవి ఉండె, కాకుంటె ఆమెకు కుండల మాట వినవడేది. సీసల మాటల పెద్ద విశేషమేం ఉండకపోయేది. పది సీసలు చెవికి పెట్టుకుంటె ఆరు సీసలు ఒక్క తీర్గనే, "రేపటి సంది బంద్, నీ మీదొట్టు" అనేవి. మిగిలినవి ఏడ్సేవి, లేకుంటె పాట పాడేవి.

ఎవరికన్న ఏదన్న సీస మీద అనుమానం వస్తె మరియమ్మ తానికే తెచ్చేటోళ్లు. పాస్టరయ్య బల్లారాధనకు ద్రాక్షరసం తెచ్చేటోడు. మెడికల్ దుకాణమాయన దగ్గు మందు తెచ్చేటోడు. పెండ్లోళ్లు మందు డబ్బాలే ఆటోల ఏసుకొని వచ్చేటోళ్లు. మరియమ్మ మూత తియ్యనియ్యకపోయేది. సీసను పండవెట్టి, అడుగుకు చెవి ఆనించేది.

మంచి సరుకు చిటచిటమంటది, పెనం మీద నువ్వులు వేగినట్టు. పాడైంది ముసలాయన గొంతు సవరించుకున్నట్టు గరగర అంటది. దొంగ సరుకు మనుషుల మాట మాట్లాడతది. ఎందుకంటె అది ఒకరు తాగి పారేసిన సీస, మళ్ల నింపి మూతేసింది. కొత్త సీస ముందట ఎవరు కూసోని ముచ్చట పెట్టిన్రని మాట ఉంటది?

ఇంకొక చప్పుడున్నది. చప్పుడంటె చప్పుడు కాదు, చెవుల దూది కుక్కినట్టయితది. మరియమ్మ దాన్ని ఒక్కసారే విన్నది. కొత్తగూడ దిక్కు తండా నుంచి గోరీ అనే ఆమె సారా సీస పట్టుకొని వచ్చింది. అప్పటికే ఆమె పెనిమిటి జాల్యా సగం తాగి ఇంట్ల పండుకున్నడు. మరియమ్మ చెవి పెట్టి, "ఇది పారబొయ్యి, ఆయన్ను దవాఖానకు కొంచవో" అన్నది. గోరీ బస్సెక్కి ఇల్లు చేరేటాళ్లకు తెల్లారింది. జాల్యా వాకిట్ల నిలవడి, మంచు మస్తు వడ్డదే అన్నడంట. అది ఎండకాలం. మాపటికి ఆయన కండ్లకు ఆ మంచు కూడ కనవడలేదు.

మరియమ్మ ఏం విన్నా ఆ మాట బయట పెట్టకపోయేది. మంచిది, పాడైంది, దొంగది, ఈ మూడు మాటలల్ల ఒకటి, అదీ తెచ్చినోళ్ల చెవుల చెప్పేది. నలుగురు ఉన్నకాడ ఆమెకు గొంతు పెగలది. చర్చిల సాక్ష్యం చెప్పమంటె లేచి నిలవడి, ఏడ్చి కూసున్నది. "మరియమ్మకు సీసల భాష వస్తది, మనుషులదే రాదు" అని ఆడోళ్లు నవ్వేటోళ్లు. ఆమె కూడ నవ్వేది.

ఆమెకున్నది ఒక్క తమ్ముడు, ప్రభుదాస్. తల్లి పోయేనాటికి వాడు నాలుగేండ్లోడు. మరియమ్మే పెంచింది. ఆమె పెనిమిటి పెండ్లయిన మూడో ఏడు పాము కరిచి పోయిండు, పిల్లలు లేరు. అందుకని కొడుకన్నా తమ్ముడన్నా వాడే. ప్రభుదాస్ మనిషి పొడుగు, గొంతు పెద్దది. అక్క మాట్లాడని మాటలన్నీ వాడే మాట్లాడేటోడు. తెలంగాణ అన్నంక వాడు ఇంట్ల నిలవలేదు. వంటావార్పు అంటె కట్టెలు మోసేటోడు, ధర్నా అంటె బ్యానర్ పట్టేటోడు.

సకల జనుల సమ్మె నాడు, రెండువేల పదకొండుల, బొగ్గు పెల్ల కదలొద్దు అన్నరు. బస్సులు బంద్, బడులు బంద్, బొగ్గు బావులు బంద్. అట్ల మైకుల అందరికన్న గట్టిగ చెప్పినాయన వెంకట్రాం. ఆయనకు భూపాలపల్లి కాడ బొగ్గు లారీలున్నయి. "నా లారీలకు తుప్పు పట్టనీ, నా తెలంగాణ నాకు కావాలె" అంటె జనం చప్పట్లు కొట్టిన్రు. ప్రభుదాస్ ఇంకో పదిమందితోని భూపాలపల్లి తొవ్వల కాపలా కాసేతందుకు పోయిండు. వాళ్లకు రెండు లారీలు దొరికినయి, బొగ్గుతోని. ఎవరియో తెలిసెటందుకు బండ్ల మీద పేర్లు లేకుండె. ఆ మూడో నాడే పోలీసోళ్లు వాడు పండుకున్న పొలం కాడి కొట్టానికి తిన్నగ వచ్చిన్రు. పదిమందిల "ప్రభుదాస్ ఎవడు" అని వాణ్ని ఒక్కణ్నే లేపిన్రు. కొట్టింది ఒక్క మోకాలు మీదనే, ఎడమది. మిగిలిన ఒంటి మీద గీత పడలేదు.

కాలు మళ్ల వంగలేదు. సంకల కట్టె వచ్చింది. వెంకట్రామే దవాఖానకు వచ్చి పండ్లు ఇచ్చిండు, మంచం మీద కూసోని కండ్లు తుడుచుకున్నడు. ఆనాటి సంది ఏ సభ అయినా ప్రభుదాస్ కు ముందు కుర్చీ. "తెలంగాణకు కాలు ఇచ్చిన తమ్ముడు" అని వెంకట్రాం పూలదండ ఏసేటోడు. రాష్ట్రం వచ్చిన మొదటి నెలల మండలాఫీసుల అటెండర్ నౌకరి అని అందరి ముందట మాట ఇచ్చిండు. ప్రభుదాస్ ఆ నౌకరికని ఒక తెల్ల అంగీ కుట్టిచ్చుకొని, మడత పెట్టి పెట్టెల దాసుకున్నడు. వాని బతుకంత ఆ అంగీల మడతవెట్టి ఉన్నది. ఎడ్లు లేవు, భూమి లేదు, ఒంటి కాలుతోని కూలి లేదు. "అక్కా, రాష్ట్రం వస్తె నువ్వు సోడా నీళ్లల్ల చెయ్యి పెట్టొద్దు" అనేటోడు.

రాష్ట్రం వచ్చేది ఖాయమని టీవీల చెప్పిన నాడు పొద్దటి సంది ఆగి ఆగి వాన. జూలై ఆఖరు. మధ్యాహ్నం అన్నం తినే యాళ్లకు వెంకట్రాం మనిషి బండి మీద వచ్చి, "సారు పిలుస్తుండు, ఒక సీస చూడాల్నట" అన్నడు. మరియమ్మ చేతులు తుడుచుకొని పోయింది.

వెంకట్రాం ఇంటి హాలుల టీవీ మోగుతున్నది. పది పన్నెండు మంది ఉన్నరు. ప్రభుదాస్ కూడ ఉన్నడు, తెల్ల అంగీ ఏసుకొని, సోఫా చివర్ల కాలు చాపి. బల్ల మీద ఒక సీస పెట్టిన్రు. మెడకు బంగారు కాగితం, దాని కింద తీగ జాలి, లోపల పుట్టగొడుగు లెక్క బెండు.

"మరియమ్మా, రా. ఇదేందో ఎరికేనా?" అన్నడు వెంకట్రాం. "షాంపేన్. క్రికెటోళ్లు గెలిస్తె చల్లుకుంటరు సూడు, గది. సాయంత్రం హైద్రాబాద్ నుంచి పెద్దాయన వస్తున్నడు. స్తూపం కాడ దీన్ని పొంగియ్యాలె. తర్వాత నేను, ఆయన, చెరొక గ్లాసు. ఇంకెవ్వడు ముట్టద్దు."

"మేం వాసన సూస్తం అన్నా" అన్నడొకడు. అందరు నవ్విన్రు.

"నవ్వకుండ్రి. ఈ వీరేందర్ గాడు తెచ్చిండు. వీడు తెచ్చిందంటె నాకు అనుమానమే. పెద్దాయన ముందట ఇజ్జత్ పోవద్దు."

మానుకోట వీరేందర్ బల్ల పక్కనే నిలవడ్డడు. "అన్నా, మిలిటరీ కోటాల తెచ్చిన. పేపర్ మీది ఇంగ్లీషు సదువుండ్రి" అన్నడు. అనుకుంట మరియమ్మ మొఖం చూడలేదు.

ఎందుకు చూడలేదో ఆమెకు తెలుసు. బరువు సీసలు, అడుగున బొటనవేలు దూరేంత గుంత ఉన్నవి, షెడ్డుల నుంచి ఏరుకపోయేటోడు ఆ వీరేందరే. ఊరగాయలకని చెప్పేటోడు.

మరియమ్మ సీసను చేతుల్లకు తీసుకున్నది. బరువున్నది. బొటనవేలు గుంతల దిగింది. భుజం చుట్టూ తెల్లగ గీసుకపోయిన వరస ఉన్నది, సంచిల ఇంకో సీసతోని రాసుకుంటె పడేది. కాగితం అంచున మైదా జిగురు వాసన, ఉడికీ ఉడకని వాసన. తీగ జాలిని మెలేసిన కాడ పట్కారు పండ్ల గాట్లు. అడుగు అంచుకు చిన్న పెచ్చు లేసి ఉన్నది. ఆ పెచ్చు తన వేలికి గీరుకున్న నాడు ఆమెకు యాదికున్నది. ప్రభుదాస్ కాలుకు కట్టు కట్టే నాడు అది. బస్సులు లేవు, ఎవరిదో ట్రాక్టర్ వరంగల్ దవాఖాన దాక పోతదంటె ఉరుకులాట మీద చేతిల ఉన్న సీసలు చెవికి పెట్టకుండనే ముంచి తీసింది.

ఇప్పుడు పెట్టింది. హాలు చప్పుడాగింది. టీవీ గొంతు ఎవరో తగ్గిచ్చిన్రు.

మొదలు గ్లాసులు తగిలిన చప్పుడు. తర్వాత నవ్వు. ఆ నవ్వు ఈ హాలులనే ఎదురుంగ కూసున్నది.

"పోరగాళ్లు రెండు బండ్లు ఆపిన్రు సార్. మందిని కొడితె లొల్లయితది. ఒక్కడు సాలు. ప్రభుదాస్ అని మా జనగామోడు, ఆ పెద్ద గొంతోడు. పొలం కాడ కొట్టంల పంటడు. ప్రాణం తియ్యకుండ్రి, కాలు మీద కొట్టుండ్రి. కాలు ఇరిగినోడు సభలకు పనికొస్తడు."

ఇంకో గొంతు ఏదో అడిగింది. నవ్వు గొంతు, "మా వాడే సార్, అందుకే చెప్తున్న" అన్నది.

మరియమ్మ కండ్లు మూసుకొనే ఉన్నది. తీగ బ్రష్షు పొట్టది. అడుగున ఉన్న గుంత సీస లోపలి దిక్కు బుడిపె లెక్క లేస్తది. ఆ బుడిపె చుట్టూ సందుల్లకు బ్రష్షు అందదు. ఆ నాడు తీగ వంచి తోమి ఉంటె ఈ మాట ఎప్పుడో సోడా నీళ్లల్ల కలిసి కాలువల పడిపోతుండె.

మాట అయిపోయినంక సీస ఊకోలేదు. మెల్లగ చెవుల దూది కుక్కుకున్నది. మొదలు కొంచెం, తర్వాత గట్టిగ, తల లోపలిదాక. వీరేందర్ ఏ డ్రమ్ములకెల్లి ఏం పోసి, పొంగెటందుకు ఏ గ్యాసు పట్టిచ్చి నింపిండో వీరేందర్ కే తెలిసి ఉండది.

ఆమె కండ్లు తెరిచేటాళ్లకు అందరు ఆమెనే చూస్తున్నరు. వీరేందర్ నొసటి మీద చెమట. ప్రభుదాస్ మొఖం వెలిగిపోతున్నది, మా అక్క అన్నట్టు.

చెప్పొచ్చు. ఆమె చెవిని జనగామల ఎవరూ కాదనలేదు. సీస గిట్ల అన్నదని చెప్తె పన్నెండు మంది నమ్మేటోళ్లే. కాని పన్నెండు మంది ముందట అంత పెద్ద మాట ఎట్ల ఎత్తుకోవాలె, ఏ మాట ముందు పెట్టాలె. ఇంకోటి, ఆ మాట విన్నంక ప్రభుదాస్ కు ఏం మిగులతది? కాలు తెలంగాణకు ఇచ్చిన అనుకుంటున్నడు. ఆ అంగీ విప్పి ఏడ పెడతడు?

"ఏమన్నది మరియమ్మా?" అన్నడు వెంకట్రాం. "మంచిదేనా?"

నేను, ఆయన, చెరొక గ్లాసు. ఇంకెవ్వడు ముట్టద్దు. ఆ మాట మరియమ్మ తలకాయల గిర్రున తిరిగింది. పెద్దాయనెవరో ఆమెకు తెల్వదు. ఆయన కండ్లు పోతె పోనీ అనుకున్నది. నిజంగనే అట్ల అనుకున్నది. దాసిపెట్టి లాభం లేదు.

ఆమె వెంకట్రాం చెవు కాడికి వంగింది. "అసలుదే సారు" అన్నది.

వీరేందర్ నోరు తెరుచుకొని చూసిండు. సీస దొంగదని తెలిసినోళ్లు ఆ హాలుల ఇద్దరే ఉన్నరు.

"గట్ల చెవుల చెప్తె పెద్దాయనకు ఎట్ల తెలుస్తది?" అన్నడు వెంకట్రాం. "ఆయనకు నువ్వెవరో తెల్వదు కద. ఒక చీటీ రాసి సంతకం పెట్టు, సీసకు అంటిస్త. మా జనగామల గిసొంటి మనిషి ఉన్నదని చూపిస్త."

"ఆమెకు రాసుడు రాదన్నా" అన్నరెవరో.

"వస్తది" అన్నడు ప్రభుదాస్. "మా అక్క ఐదో తరగతి."

కాగితం ఇచ్చిన్రు, పెన్ను ఇచ్చిన్రు. సోడాకు నానిన వేళ్లల్ల పెన్ను జారింది. ఆమె బల్ల పక్కన కింద కూసోని ఒక్కొక్క అక్షరం దిద్దుకుంట రాసింది. ఇది అసలుది. పాడు కాలేదు. తాగొచ్చు. కింద మరియమ్మ అని సంతకం. ప్రభుదాస్ వంగి చూసి, "దస్తూరి ముద్దుగున్నదక్కా" అన్నడు. చీటీని సీస పొట్టకు అంటువెట్టిన్రు.

సాయంత్రం టీవీల మాట రానే వచ్చింది. రోడ్ల మీదికి జనం ఇరగబడ్డరు. డప్పులు, రంగులు, వానల తడుస్తనే ఆడుడు. అమరుల స్తూపం కాడ గులాల్ బురదల కలిసి నేలంత ఎర్రగయింది. మరియమ్మ జనం చివర్ల అరుగు అంచుకు నిలవడ్డది. ఇంటికి పోదామనుకుంది. కాని చూడాల్ననిపించింది. వెంకట్రాం గ్లాసు ఎత్తుడు చూడాల్ననిపించింది.

స్తూపం మెట్ల మీద వెంకట్రాం, పక్కన కుర్చీల ప్రభుదాస్, చుట్టూ వందిమాగధులు. వెంకట్రాం ఫోను చెవి కాడ పెట్టుకొని ఒక చెవి మూసుకొని మాట్లాడి, మైకు తీసుకున్నడు. "పెద్దాయన హైద్రాబాద్ లనే ఆగిండు. ఆడ సంబురాలు వదిలిపెట్టి వచ్చెటట్టు లేదు. మన సంబురం మనం చేసుకుందాం."

తీగ జాలి విప్పి బెండు తిప్పంగనే అది తుపాకి లెక్క పేలింది. జనం కేక ఏసిన్రు. తెల్ల నురుగు పొంగింది. వెంకట్రాం మొదటి ధార, దేవతకు పోసినట్టు, స్తూపానికి సాక పోసిండు. సీస ఊపి సగం మంది మీద చల్లిండు. మిగిలింది సగం సీస. వీరేందర్ స్టీలు గ్లాసు అందిచ్చిండు.

వెంకట్రాం గ్లాసు చూసిండు. నాలుక కరుచుకున్నడు.

"అరె, ఇవ్వాళ మంగళారం కదరా."

మెట్ల మీద ఉన్నోళ్లు ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. ఎవరి మెడల చూసినా హన్మంతుని తాయెత్తు, ఎవరి నొసట చూసినా సిందూరం. మంగళారం నాడు ఒక్కడు ముట్టడు. పొద్దటి సంది ఏ ఒక్కనికి ఆ సంగతి యాదికి రాలేదంటె సంబురం అసొంటిది. మరియమ్మకైతె అసలే రాలేదు. ఆమె వారాలల్ల ఆదివారం ఒక్కటే వేరు, మిగిలిన ఆరూ సీసలు కడిగే రోజులు.

"రేపు తాగితె అయిపాయె అన్నా" అన్నడొకడు.

"తెరిసినంక ఉండది. పొంగు సస్తది. చచ్చినంక ఉచ్చ లెక్క ఉంటది" అన్నడు వెంకట్రాం, తెలిసినోని లెక్క. అప్పుడు ఆయన కండ్లు పక్క కుర్చీ మీద పడ్డయి. మొఖం వెలిగింది. మైకు మళ్ల దగ్గరికి తీసుకున్నడు. "మనందరికి మంగళారం ఉన్నది. ఈ తమ్మునికి లేదు. కాలు ఇచ్చినోడు తాగినంక ఎవరు తాగితె ఏంది, తాగకపోతె ఏంది? ప్రభుదాస్, ఇది నీది. సీస మొత్తం నీదే."

"వాని దేవునికి ఆదివారమే డ్యూటీ" అన్నడు వీరేందర్. అందరు నవ్విన్రు, ప్రభుదాస్ కూడ.

ఇద్దరు ప్రభుదాస్ ను భుజాల మీదికి ఎత్తుకున్నరు. సంకల కట్టె కింద పడ్డది. గ్లాసు వద్దని సీసనే చేతిల పెట్టిన్రు. వాడు అంత ఎత్తు నుంచి జనం మీదుగ చూసిండు, అరుగు అంచుకు ఉన్న అక్క కనపడ్డది. సీస పొట్ట మీది చీటీని ఆమెకు కనవడెటట్టు తిప్పి పట్టిండు.

మరియమ్మ నోరు తెరిచింది. ‘ఒద్దు’ అనేది రెండక్షరాల మాట. ఐదు మాటలు రాసిన చెయ్యి పైకి లేసింది, కాని గొంతుల ఏమీ లేదు. డప్పులు మోగుతున్నయి. సిగ్గు ఒక్కటే అయితె ఎట్లనో దాటేది కావచ్చు. ఒద్దంటె ఎందుకొద్దని అడుగుతరు. అసలుదని రాసింది నువ్వే కదా అంటరు. ఆ చీటీ ఎవరి కోసం రాసినవని ఇంత మందిల అడుగుతరు. ఒక్క గుక్క టైమంత ఆమె గీ లెక్కలనే ఉండె. లేసిన చెయ్యిని చూసి ప్రభుదాస్ దీవెన అనుకున్నడు.

"మా అక్క విని రాసింది. ఇంక భయమేంది" అన్నడు సీస మూతి కాడ, నవ్వుకుంట. ఎత్తి పట్టి ఆఖరు చుక్క దాక తాగిండు.

ఇంటికి వచ్చినంక ఆమె ఉప్పునీళ్లు కలిపి ఇచ్చింది. "కక్కు తమ్మీ" అన్నది.

"ఎందుకక్కా? గింత సంబురం ఎవడన్న కక్కుకుంటడా?" అన్నడు వాడు. గ్లాసు అట్లనే పక్కన పెట్టి పండుకున్నడు. అప్పుడైనా చెప్పొచ్చు, ఇద్దరే ఉన్నరు ఇంట్ల. చెప్పలేదు. పొద్దుగాల చెప్త అనుకున్నది. వాడు గురక పెడుతుంటె నిమ్మళమయింది, జాల్యా తాగింది వేరే సారా కావచ్చు అనుకున్నది.

తెల్లారింది. వాన వెలిసి ఎండ వాకిట్ల మంచం మీదిదాక వచ్చింది. ప్రభుదాస్ లేచి కూసోని కండ్లు నులుముకున్నడు.

"వానకాలంల గింత మంచేందక్కా?"

మరియమ్మ పొయ్యి కాడ ఉన్నది. ఊదుగొట్టం చేతిల అట్లనే ఆగింది.

"వడ్డదా?" అన్నడు వాడు మళ్ల.

"వడ్డది" అన్నది మరియమ్మ.

వాడు సంకల కట్టె కోసం గోడ దిక్కు చెయ్యి చాపిండు. కట్టె ఉన్నది ఇంకో దిక్కు. గోడను తడుముకుంట తడుముకుంట ఆగి, "అక్కా" అన్నడు, ఈసారి వేరే గొంతుతోని, నాలుగేండ్ల నాటి గొంతుతోని.

పక్కింటి లక్ష్మీనర్సమ్మ ఉరికొచ్చింది. ఆటో పిలిచింది. వాణ్ని ఎక్కిచ్చి పట్టుకొని కూసున్నది. "ఏం తాగిండో ఆ సీస తేవాలె మరియమ్మా. దాంట్ల ఏమున్నదో చూస్తె డాక్టర్లు ఏదన్న చేస్తరు కావచ్చు" అన్నది.

"మీరు నడువుండ్రి. నేను సీస పట్టుకొని వస్త" అన్నది మరియమ్మ.

స్తూపం కాడ ఊడ్చిన చెత్త అప్పటికే సంచులల్ల షెడ్డుకు చేరింది. బీరు సీసల నడుమ ఆ బరువు సీస దొరికింది. చీటీ తడిసింది గాని చినగలేదు. అక్షరాలు పాకి ఉన్నయి, అయినా చదవొచ్చు. కింది పేరు ఇంక బాగ చదవొచ్చు.

ఆమె సీసను చెవికి పెట్టుకున్నది. మా అక్క విని రాసింది, ఇంక భయమేంది. దాని వెనక, బుడిపె సందుల కెల్లి, నవ్వు గొంతు. కాలు ఇరిగినోడు సభలకు పనికొస్తడు. ఒక మాట అయినంక ఇంకోటి, ఒకటే సీసల.

దవాఖాన రైలు గేటుకు అవతల. గేటు తీసే ఉన్నది. మరియమ్మ దాని దిక్కు ఒకసారి చూసింది. తర్వాత పీట జరుపుకొని తొట్ల ముందట కూసున్నది.

చీటీని వేడినీళ్లల్ల నానవెట్టి గోరుతోని గీకి తీసి, ముద్ద చేసి కాలువల ఏసింది. సీసను మొదటి తొట్టిల ముంచింది. తమ్ముని మాట ఆ మొదటి ముంపుకే పోయింది. కొత్త మాట కదా, ఇంకా పట్టలేదు. వెంకట్రాం మాటకు తీగ బ్రష్షును రాయి మీద పెట్టి కొంకి లెక్క వంచాల్సి వచ్చింది. బుడిపె చుట్టూ, సందుల్లకు, తిప్పి తిప్పి తోమింది, వేలి కొసలు తెల్లబడేదాక. మూడో తొట్టిల ముంచి తీసి మళ్ల చెవికి పెట్టుకున్నది. ఏ మాటా లేదు. ఇప్పుడు ఎవరు చెవి పెట్టినా అది కొత్త సీసే.

దాన్ని వరుసల బోర్లిచ్చి, సంచిల చెయ్యి పెట్టి ఇంకో సీస అందుకున్నది.